పడిన నెల, నిండిన నెల

సహోదరులారా, సహోదరీలారా, నా మొదటి బిడ్డ రెండు రోజులే బతికాడు. నెలలు నిండకుండా పుట్టాడు, ఏడుపు గట్టిగా రాలేదు, పిల్లికూనలా మూలిగాడు, ఊపిరి కోసం ఆ చిన్న డొక్కలు ఎగరేసి ఎగరేసి మూడోనాటి పొద్దున అలిసిపోయి ఆగిపోయాడు. పేరైనా పెట్టలేదు. ఆ తర్వాత నాకు పాలు పడ్డాయి. తాగేవాడు లేడు, పాలు మాత్రం వస్తున్నాయి, రవికె తడిసిపోతుంటే పైట చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. డెబ్భైల చివర సంగతి ఇది. ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్ళు ఇక్కడ ఒకరిద్దరు ఉన్నారు, వాళ్ళకు తెలుసు.

నా పేరు సత్యవతి. మాది గోదావరి వైపు, మా నాన్న పోర్టు పనికని మమ్మల్ని విశాఖపట్నం తీసుకొచ్చాడు, మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను చేసుకున్నది అప్పారావుగారు, పోర్టులో ఖలాసీ. వాళ్ళది విజయనగరం అవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా మామగారు పోయాక మా అత్తమ్మ నూకాలమ్మ మా దగ్గరికే, కంచరపాలెం వచ్చేసింది. అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు కదా, నాకు ఆ ఉత్తమురాలినయ్యే అవకాశం లేకుండా పోయింది!

బిడ్డ పోయిన నాలుగు నెలలకు మా వరసలో ఉండే ఒక అక్క నన్ను ఈ ప్రార్థనకు పిలుచుకొచ్చింది. మొదటి రోజు నాకేమీ అర్థం కాలేదు, ఎవరో పాడుతుంటే కూర్చుని ఏడ్చాను, అంతే, కానీ ఇంటికి వెళ్ళాక చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా తిన్నాను. మళ్ళీ వచ్చాను. వస్తూనే ఉన్నాను. వచ్చాను గానీ సహోదరులారా, ఇంట్లో చెప్పి రాలేదు! కుళాయి దగ్గరికి వెళ్తున్నానని బిందె చంకన పెట్టుకుని బయల్దేరేదాన్ని, బిందె ఆ అక్క ఇంట్లో పెట్టి, ఈ గుమ్మంలోకి వచ్చేముందు బొట్టు చెరిపేసేదాన్ని, తిరిగి వెళ్ళేటప్పుడు కొంగున కట్టుకున్న కుంకుమ తీసి మళ్ళీ పెట్టుకుని, బిందెలో నీళ్ళు నింపుకుని ఇంటికి వెళ్ళేదాన్ని. ఇక్కడ అమ్మగారు, అంటే మన పాస్టరు అయ్యగారి భార్య, "మీ ఇంట్లో ఏమంటున్నారమ్మా?" అని అడిగితే, "అందరూ సుముఖంగానే ఉన్నారండీ" అనేదాన్ని. అక్కడ అత్తమ్మ, "ఇంతసేపేటే?" అంటే, "కుళాయి దగ్గర జనం అత్తమ్మా" అనేదాన్ని. ఇవేవీ పెద్ద అబద్ధాలు కావు, ఎవరికీ నష్టం లేదు, ఇంట్లో గొడవ రాకుండా చూసుకుంటున్నాను, నేను తెలివైనదాన్ని అనుకున్నాను.

ఇలా ఉండగా నాకు మళ్ళీ నెల తప్పింది.

సంతోషించాలా? భయపడాలా? నాకు తెలియలేదు. పోయినసారి తొందరపడి అందరికీ చెప్పుకోవడం వల్లే దిష్టి తగిలిందని అత్తమ్మ అభిప్రాయం, అందుకని ఈసారి పొట్ట కనబడేదాకా నోరు విప్పకూడదని నా దగ్గర మాట తీసుకుంది. ఇక్కడ సంఘంలో ఏమో, మొదటి నెలనుంచే అందరూ ప్రార్థించాలి కదా, విశేషం ఉంటే వెంటనే చెప్పమన్నారు. నేను ఇద్దరికీ "అలాగే" అన్నాను.

పొట్ట కనబడ్డాక చూడండి నా అవస్థ! ఒకామె నడవమంటుంది, నడిస్తే కాన్పు సులువట. ఒకామె కదలవద్దంటుంది, పోయినసారి ఏమైందో గుర్తులేదా అంటుంది. నూతిలో నీళ్ళు తోడమని ఒకరు, చేతులు పైకెత్తితే బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందని ఇంకొకరు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ఎర్ర మాత్రలు మింగకపోతే రక్తం పట్టదని అమ్మగారు, మింగితే బిడ్డ బలిసి బయటికి రాదని అత్తమ్మ. పొద్దున ఒక మాత్ర మింగేదాన్ని, సాయంత్రం మింగలేదని అత్తమ్మతో చెప్పేదాన్ని, మింగిన భయంతో ప్రార్థన చేసుకునేదాన్ని! ఇంక ఆ సంచి సంగతి. పురిటికి వచ్చేటప్పుడు రెండు పాత చీరలు, బిడ్డకు మెత్తటి గుడ్డలు, సబ్బు, ఫ్లాస్కు సిద్ధంగా పెట్టుకోమని ఆసుపత్రిలో చెప్పారు. నేను సంచి సర్దేదాన్ని. నేను కుళాయికి వెళ్ళొచ్చేసరికి అత్తమ్మ దాన్ని విప్పేసి, చీరలు దండెం మీద, సబ్బు గూట్లో, ఎక్కడివక్కడ పెట్టేసేది. "పుట్టని పిల్లకి మూటేటే అమ్మీ! పోయినసారి కట్టిన మూట సాల్లేదేటి!" అనేది. ఆ మాట నా గుండెల్లో దిగేది. అయినా మర్నాడు మళ్ళీ సర్దేదాన్ని, ఆమె మళ్ళీ విప్పేది. ఇద్దరికీ రెండు వారాలు ఇదే పని!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నా బిడ్డ ప్రాణం దీని మీదే ఉంది.

నేను మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళింది కార్తీకమాసంలో. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, వాళ్ళ తప్పు ఆవగింజంతైనా లేదు. ఆ రోజు పొద్దున నేను తల దువ్వుకుంటుంటే అత్తమ్మ, "ఏడో నెల పడినాదమ్మీ, ఇంక బరువులెత్తకు," అంది. నేను ఆ మాట చెవిలో వేసుకుని వెళ్ళాను. అక్కడ నర్సమ్మ కార్డు పట్టుకుని, ఆఖరిసారి బయట చేరింది ఎప్పుడు అని అడిగింది. చుట్టూ జనం, పక్కన మగవాళ్ళు, నాకు సిగ్గేసి, జ్ఞాపకం లేదన్నాను. "పోనీ, ఎన్ని నెలలమ్మా?" అంది. "ఏడు" అన్నాను. ఆమె ఏడు అని రాసుకుంది.

అక్కా చెల్లెళ్ళకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. అన్నదమ్ములకు చెబుతాను. మన ఇళ్ళలో ఏడో నెల పడింది అంటే ఆరు నిండి ఏడులో అడుగుపెట్టిందని. ఆసుపత్రిలో ఏడు అంటే ఏడు నిండాయని. మా అత్తమ్మ చెప్పిన మాటలో ఒక్క ముక్క నేను మింగేశాను. ఆ ఒక్క ముక్కతో ఒక నెల గల్లంతైపోయింది. అది గల్లంతైనట్టు ఎవరికీ తెలియదు, నాకు అసలే తెలియదు.

పుష్యమాసం వచ్చింది. కార్డు ప్రకారం తొమ్మిది నెలలు. అత్తమ్మ లెక్కా తొమ్మిదే. మా ఆయన కూడా పనిలో అందరితో తొమ్మిదే అని చెప్పుకున్నాడు. అందరూ తొమ్మిదే అంటుంటే ఇంక తేడా ఎక్కడుందని ఎవరు వెతుకుతారు! డాక్టరమ్మ నన్ను బల్లమీద పడుకోబెట్టి, పొట్ట తడిమి, గొట్టం పెట్టి విని, టేపుతో కొలిచి, మొహం ముడుచుకుంది. మళ్ళీ కొలిచింది. "తొమ్మిది నిండాయి, బిడ్డ మాత్రం ఎదగలేదు. లోపల బలం అందడం లేదేమో. ఇంకా ఉంచితే లోపలే పోవచ్చు. సోమవారం చేరిపో, ఆపరేషన్ చేసి తీసేద్దాం," అంది. ఆమె చాలా మంచి మనిషి, నా భుజం మీద చెయ్యివేసి చెప్పింది. ఉన్న లెక్కతో చూస్తే ఆమె మాట నూటికి నూరుపాళ్ళు సరైనదే.

నేను ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. తీస్తే బతుకుతుందా? ఉంచితే బతుకుతుందా? పోయినసారి చిన్న బిడ్డను చేతిలో పెట్టుకుని చూశాను కదా, మళ్ళీ అంత చిన్న బిడ్డనే తీసి నా చేతిలో పెడతారా? తీయకపోతే లోపలే...

మా ఆయన్ని అడిగాను. "డాక్టరమ్మ ఏటి సెప్తే అదే. మనకేటి తెలుసు," అన్నాడు పాపం, కళ్ళనీళ్ళు కనబడకుండా సైకిలు తుడుచుకుంటూ. ప్రార్థనకు వచ్చే ఒక పెద్దాయన, ఇప్పుడు ఆయన ఈ ఊళ్ళో లేరు, "సహోదరీ, కత్తికి ఒప్పుకుంటే విశ్వాసం తప్పినట్టే, దేవుడు ఇవ్వగలవాడు కాపాడలేడా?" అన్నారు. అమ్మగారు వెంటనే, "డాక్టర్లను ఇచ్చింది ఎవరమ్మా? దేవుడే. తప్పకుండా వెళ్ళు," అన్నారు. అత్తమ్మేమో కడుపు కోస్తే ఇంక ఆడది బరువెత్తలేదని ఏడుస్తూ కూర్చుంది, సింహాచలం నుంచి తెచ్చిన చందనం ముక్క ఒకటి నా కొంగున కట్టింది. అన్నీ నిజంలాగే ఉన్నాయి! నేను నలుగురికీ "అలాగే" అన్నాను. కుడితిలో పడ్డ ఎలుకలాగ అయిపోయాను, సహోదరులారా. ఎటు కొట్టుకుంటే గట్టు దొరుకుతుందో తెలియలేదు.

పోనీ ప్రార్థన చేసుకుందామంటే, ఏమని చేయాలి? ఆపరేషన్ బాగా జరగాలని అడగాలా, జరగకూడదని అడగాలా? ఒక రోజు ఒకటి అడిగాను. మర్నాడు దానికి సరిగ్గా తిరగేసి అడిగాను. మోకాళ్ళ మీద ఉండగానే కొంగున ఉన్న చందనం ముక్క చేతికి తగిలేది, దాన్ని విప్పి పారేద్దామనుకునేదాన్ని, అత్తమ్మ చూస్తుందని మళ్ళీ కట్టేసేదాన్ని. ఇలాంటిదాని ప్రార్థన దేవుడు ఎందుకు వింటాడు అనిపించింది. నాకు దేవుని మీద అనుమానం లేదు, నా మీదే అనుమానం.

సోమవారం వచ్చింది. మా ఆయన డ్యూటీకి వెళ్ళి, సెలవు రాయించుకుని వస్తానన్నాడు. నాకు తోడుగా ఆసుపత్రికి అమ్మగారు వస్తానన్నారు. అందుకని నేను అత్తమ్మను ఇంట్లోనే ఉంచేయాలని చూశాను. ఎందుకో మీకు తెలుసు కదా, వాళ్ళిద్దరూ ఒకచోట కలిస్తే నా బండారం బయటపడుతుంది! "నీకెందుకు శ్రమ అత్తమ్మా, ఇల్లు చూసుకో," అన్నాను. "కోడలు ఆస్పత్రికెల్తే అత్త ఇంటికాడ కూకుంటాదేటి! జరుగు," అని రిక్షా ఎక్కి నా పక్కనే కూర్చుంది. సంచి కూడా ఆమె ఒళ్ళోనే పెట్టుకుంది. ఈసారి విప్పలేదు.

ఆసుపత్రి వరండాలో బల్లమీద నేను మధ్యలో, ఇటు అమ్మగారు, అటు అత్తమ్మ. అమ్మగారు చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అత్తమ్మ కొండవైపు తిరిగి దండం పెట్టుకుంది. నేను ఇద్దరిలో ఎవరినీ చూడలేక నేల చూస్తూ, జీవితంలో మొదటిసారి ఒక నిజమైన ప్రార్థన చేశాను. ఈ రోజుకీ ఆ మాటలు మర్చిపోలేదు. "ప్రభువా, నాకు ఏమీ తెలియడం లేదు. ఎవరి మాట నిజమో తెలియడం లేదు. నేను అందరికీ అబద్ధం చెప్పాను, నీకు కూడా చెప్పాను, ఇప్పుడు నా మాట నాకే నమ్మబుద్ధి కావడం లేదు. ఏం అడగాలో కూడా తెలియడం లేదు. నా బిడ్డను చూడు, అంతే." ఆమేన్ అనడం కూడా మర్చిపోయాను.

అప్పుడు ఒక ఆయా వచ్చింది, శ్రీకాకుళం వైపు పెద్దావిడ, నన్ను లోపలికి తీసుకువెళ్ళడానికి. బట్టలు మార్చుకోమని నా చేతికి ఇస్తూ, ఊరికే మాటవరసకు అత్తమ్మను అడిగింది.

"ఎన్ని నెల్లమ్మా?"

"తొమ్మిది పడి పది దినాలైనాది."

"పడా? నిండి కాదా?"

"నిండడమేటి! నిండితే ఈపాటికి పిల్ల ఒళ్ళో ఉండదా!" అంది అత్తమ్మ, ఇంత కూడా తెలియదా అన్నట్టు.

ఆయా చేతిలో నా కార్డు ఉంది. ఆమెకు చదువు రాదు, కానీ తొమ్మిది నిండాయని పొద్దున డాక్టరమ్మ నర్సమ్మతో అనడం ఆమె విన్నది. నిలబడిపోయింది. లోపలికి వెళ్ళి నర్సమ్మను పిలుచుకొచ్చింది. నర్సమ్మ, ఇది మామూలు విషయం కాదు, మీకు రోజు గుర్తుందా అని గట్టిగా అడిగింది. అత్తమ్మ తడుముకోలేదు. "గురుతు లేకేటి! సందనం నాడు కొండకెల్దాం రమ్మన్నాను. ముందునాడే బయట సేరానంది. నానొక్కదాన్నే ఎల్లొచ్చాను. ఆ తర్వాత ఇది బయట సేరనేలేదు." చందనం అంటే సింహాచలం కొండ మీద అప్పన్న ఉత్సవం, వైశాఖం మొదట్లో వస్తుంది. ఆయా వేళ్ళు ముడుచుకుంటూ వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం అని లెక్కపెట్టింది. ఎనిమిది దగ్గర ఆగింది.

అంతా తేలిపోయిందనుకున్నారా? లేదు! అత్తమ్మ నా వైపు తిరిగింది. ఆమె మొహంలో ఏదో అనుమానం. "ఒసే అమ్మీ," అంది నెమ్మదిగా, "ఆనాడు నిజింగానే బయటున్నావా, కొండకి రాకుండా తప్పించుకోడానికి సెప్పేవా? నువ్వెక్కడికెల్తన్నావో నాకు తెలీదనుకున్నావేటి. బొట్టు సెరిపి మల్లీ పెట్టుకుంటే వంకరగా ఉంటాది. ఉన్నదున్నట్టు సెప్పు."

సహోదరులారా! ఆమెకు అన్నీ తెలుసు! ఏడాదిగా తెలుసు! నర్సమ్మ నన్నే చూస్తోంది, అమ్మగారు నన్నే చూస్తున్నారు. నా నోటిమాట మీద నా బిడ్డ ప్రాణం ఆగి ఉంది. నేను ఇంతకాలం చెప్పిన అబద్ధాల వల్ల, నేను ఇప్పుడు నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు? ఆ రోజు బయట చేరడం నిజమే, కానీ కొండకు వెళ్ళక్కర్లేదని లోపల సంతోషించిన మాట కూడా నిజమే. నేను అత్తమ్మ చేతులు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. "నిజంగానే బయట ఉన్నాను అత్తమ్మా. రావడం ఇష్టం లేదు, అది కూడా నిజమే. నేను ప్రార్థనకు వెళ్తున్నాను, కుళాయికి కాదు. అమ్మగారూ, మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకు అబద్ధం చెప్పాను. కానీ ఈ ఒక్కటీ నిజం," అన్నాను.

అత్తమ్మే మొదట తేరుకుంది. నర్సమ్మతో, "నిజిమే సెప్తంది. నాలుగో దినం తలకి పోసుకుంటే నీల్లు కాసింది నానే," అంది. అలా ఆమె నా సాక్ష్యానికి సాక్షి అయింది. అమ్మగారు నా తల నిమిరారు.

డాక్టరమ్మ వచ్చింది. అంతా వింది. మళ్ళీ పడుకోబెట్టి తడిమింది, గొట్టం పెట్టి చాలాసేపు విన్నది, ఇంకో డాక్టరును కూడా పిలిచి చూపించింది. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. చివరికి ఆమె నవ్వింది. "ఎనిమిది నిండిన బిడ్డకు ఎంత ఉండాలో అంతా ఉంది. ఎదగకపోవడం కాదు, ఎదగడానికి ఇంకా సమయం ఉంది. ఇంటికి వెళ్ళు. వారం వారం వచ్చి చూపించుకో," అంది. కార్డు మీద రాసింది కొట్టేసి కొత్తగా రాసింది. దేవునికే మహిమ! నేను ఏం అడగాలో తెలియక అడగనిది కూడా ఆయన విన్నాడు!

ఆ తర్వాత నెల నాకు బాగా గుర్తుంది. భయం పోయిందని చెబితే అబద్ధం అవుతుంది, అబద్ధాలు మానేశాను కదా. కడుపులో బిడ్డ కాస్త కదలకపోతే లేచి కూర్చునేదాన్ని. కానీ ప్రతి ఆదివారం బిందె లేకుండా, అత్తమ్మతో "ప్రార్థనకు వెళ్తున్నాను" అని చెప్పి వెళ్ళేదాన్ని. ఆమె తన పని చేసుకుంటూనే ఉండేది. ఒకసారి మాత్రం, "ఎండ పడకముందే వచ్చేయ్," అంది.

నెల దాటిన మూడో రోజు మధ్యాహ్నం అన్నాలు తింటుండగా నొప్పులు వచ్చాయి. ఆసుపత్రికి తీసుకువెళ్ళింది అత్తమ్మే. అమ్మగారు నాకు ముందే నేర్పారు, నొప్పి వచ్చినప్పుడు కంగారుపడకుండా ముక్కుతో గాలి పీల్చుకుని నోటితో వదలమని. అదొక్కటే తలలో పెట్టుకున్నాను. కాన్పు గదిలో అదే పెద్ద ఆయా నా పక్కన నిలబడి, "ముక్కు! ముక్కమ్మా, ముక్కు!" అని అరుస్తోంది. నేను ముక్కుతో పీల్చుతున్నాను. "ముక్కు! గట్టిగా ముక్కు!" నేను ఇంకా గట్టిగా పీల్చుతున్నాను. చివరికి ముక్కుకు ఏమైందో అని చెయ్యి పెట్టి పట్టుకున్నాను! "ముక్కమంటే ముక్కు పట్టుకుంటావేటి తల్లీ! లోపల్నించి ముక్కు, బిడ్డ రావాల!" అని ఆమె నుదురు కొట్టుకుంది. నవ్వకండి! మీరు నవ్వుతున్నారు గానీ ఆ నొప్పిలో తెలుగు ఎవరికి గుర్తుంటుంది! ఆ గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు, నాకూ నవ్వు వచ్చింది, నవ్వుతూ ఏడుస్తూ ముక్కాను. ఆ ఘడియలో నేను ప్రార్థనేమీ చేయలేదు. ప్రభువా, ప్రభువా అన్నానంతే.

సాయంత్రం వెలుగు ఉండగానే బిడ్డ పుట్టింది. ఏడ్చింది! ఆసుపత్రంతా వినబడేలా ఏడ్చింది! నేను ఆ ఏడుపు కోసం ఎంత ఎదురుచూశానో! బయట వరండాలో మా ఆయన ఆ గొంతు విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడట. ఆడపిల్ల. అత్తమ్మ లోపలికి వచ్చి, పాత చీర ముక్కలో చుట్టిన బిడ్డను ఎత్తుకుని, "మీ యేసు, మా అప్పన్న ఇద్దరూ కలిసి సూసేరమ్మీ," అంది. పాత సత్యవతి అయితే "అవును అత్తమ్మా" అనేసేది. నేను అనలేదు. "నేను యేసునే నమ్ముకున్నాను అత్తమ్మా, బాప్తిస్మం తీసుకుంటాను," అన్నాను. ఆమె బిడ్డ తల మీదికి గుడ్డ సరిచేసింది.

"ఎక్కడిత్తారు అది?" అంది.

"సముద్రంలో."

"బాలింతవి! సముద్రంలో మునుగుతావా! మూడు నెల్లు నీల్లు ముట్టకు, ఆనక నీ ఇష్టం," అంది.

నేను మతం గురించి గొడవ పడుతుందని గుండె దిటవు చేసుకుని కూర్చుంటే, ఆమె జలుబు గురించి మాట్లాడింది. మూడు నెలలూ ఆగాను. మా ఆయన నన్ను సైకిలు మీద తీసుకువెళ్తే, ఆమె బిడ్డను ఎత్తుకుని రిక్షాలో వెనకే వచ్చి ఇసుకలో నిలబడింది. నేను నీళ్ళలోంచి రాగానే అయ్యగారి వందనాల కంటే ముందు పొడి తువ్వాలు నా తల మీద వేసింది ఆమే.

సహోదరులారా, కొందరు నన్ను అడుగుతుంటారు, నీ బిడ్డను కాపాడింది దేవుడైతే, అది కొండకు వెళ్ళే అత్త నోటితో, చందనం నాటి లెక్కతో ఎందుకు కాపాడాడు అని. నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఇన్నేళ్ళు ఆలోచించాను. తెలియనివి నాకు ఇంకా చాలా ఉన్నాయి. నాకు తెలిసింది ఇంతే, నేను తెలియదని ఒప్పుకున్న రోజున ఆయన ఆలస్యం చేయలేదు. మహిమ ఆయనది, పొరపాటు నాది, ఇందులో మాత్రం నాకు గందరగోళం లేదు.

ఈ రోజు ఇక్కడ నెలలు నిండిన చెల్లెళ్ళు ముగ్గురు కూర్చుని ఉన్నారు, చూస్తున్నాను. తలా ఒక మాట చెబుతుంటే మీకు దిక్కు తోచడం లేదని నాకు తెలుసు. అమ్మలారా, మంచి మాటలు పేర్చి ప్రార్థించడం రాకపోతే రాదనే చెప్పండి. ఆయనను నమ్ముకోండి. ఆయన మిమ్మల్ని అర్థం చేసుకోవడానికి మీరు ముందుగా అన్నీ అర్థం చేసుకుని ఉండనక్కర్లేదు. ప్రార్థన చేసి లేచాక, ఇంట్లో ఎవరి దగ్గర ఏం దాచారో వాళ్ళ దగ్గరికే వెళ్ళి చెప్పండి.

మా అత్తమ్మ ఇప్పుడు బయట మెట్ల మీద కూర్చుని ఉంది, మా పిల్ల చెప్పులు కాపలా కాస్తోంది. లోపలికి రమ్మంటే రాలేదు. "నువ్వు ఏటి సెప్తావో ఇక్కడికీ ఇనబడతాది, ఎల్లు," అంది. కిటికీలు తెరిచే ఉన్నాయి. నేను చెప్పిందంతా, మీరు విన్నట్టే, ఆమె కూడా వింది. ఆమేన్.